చిన్న కార్ల పార్టులకు పేపర్ కొట్టడం: రంగు వేసే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో చిన్న బొమ్మ కార్లు, మోడల్ కార్లు సేకరించి, పాతవాటికి మళ్లీ రంగు వేసుకునేవాళ్లం కొద్దిమందిమే. ఆ కొద్దిమందికి నేను ఫోన్లో చెప్పే జవాబులు మాత్రం నెలనెలా అవే. అందుకే పేపర్ కొట్టడం గురించి, అంటే రంగుకు ముందు గరుకు కాగితంతో రుద్దడం గురించి, ఒకచోట రాసి పెట్టాను. ఎవరి పని ఎక్కడ ఆగిందో ఆ ప్రశ్న చదువుకుని వెళ్లిపోవచ్చు, మొదటి నుంచి చదవక్కర్లేదు. ఒక్క మాట ముందే చెప్తాను. "ఇది బాగుచేయగలవా?" అని నా దగ్గరికి తెచ్చే కార్లలో తక్కువ రుద్ది చెడగొట్టినవి తక్కువ. ఎక్కువ రుద్ది చెడగొట్టినవే ఎక్కువ.

## మొదలుపెట్టే ముందు

పాత రంగు బాగానే ఉంది. దాని మీదే కొత్తది కొట్టేస్తే ఏమైతది?

రంగు నిలుస్తుందేమో కానీ కారు లావెక్కుతుంది. లెక్క వేసి చూడండి. 1:24 మోడల్ (అసలు కారులో 24వ వంతు సైజు) మీద రంగు మందం 0.1 మిల్లీమీటరు ఉందనుకుందాం. చేత్తో పట్టుకుంటే అదొక లెక్కే కాదు. కానీ అసలు కారు సైజుకు పెంచితే అది 2.4 మిల్లీమీటర్లు. 1:64 కారు మీదైతే 6.4. రోడ్డు మీద తిరిగే కారుకు ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, క్లియర్ (రంగు పైన వేసే పారదర్శకమైన పూత) అన్నీ కలిపినా మందం 0.1 మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. ఇప్పుడు పాత పొర మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆపైన క్లియర్ వేశారంటే డోర్ సందులు మూసుకుపోతాయి, వెనక ఉన్న పేరు సగం అరిగిన సబ్బు మీది అక్షరాల్లా అవుతుంది. నున్నటి మెరుపు మీద కొత్త రంగు గట్టిగా పట్టదు కూడా. గోరు తగిలితే పెచ్చులాగా లేస్తుంది.

డబ్బాతో సహా పాత మ్యాచ్‌బాక్స్ బ్రాండు కారు ఉంది. రంగు వేస్తే విలువ పెరుగుతుందా?

తగ్గుతుంది. సేకరించేవాళ్లకు గీతలు పడినా సరే అసలు రంగే ముద్దు. 1953లో లెస్నీ కంపెనీ మొదలుపెట్టిన తొలి మ్యాచ్‌బాక్స్‌లు, 1968లో వచ్చిన తొలి హాట్ వీల్స్ లాంటివి చేతికి చిక్కితే పేపర్ దూరం పెట్టండి. చక్రం ఊడి, రంగు రాలి, ఎవరికీ అక్కర్లేని బొమ్మ మీద చెయ్యి తిప్పుకోవడం నేర్చుకోండి.

నా కారు లోహమా, ప్లాస్టిక్కా? అయస్కాంతం పెడితే అంటుకుంటలేదు.

అంటుకోదు. డైకాస్ట్ (అచ్చులో లోహం పోసి చేసే) కార్లు ఇనుముతో చేయరు. ఎక్కువ శాతం జింకు, కొంచెం అల్యూమినియం, ఇంకొంచెం మెగ్నీషియం, రాగి కలిసిన మిశ్రమంతో పోత పోస్తారు. పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉండి, గోటితో కొడితే ఖణేల్మంటే లోహం. మొండిగా టప్‌మంటే ప్లాస్టిక్. బాడీ లోహమై, బంపర్లు, అడుగు భాగం ప్లాస్టిక్‌వి అయి ఉండటం మామూలే. ఏ పార్టు ఏదో ముందే తేల్చుకోవాలి. లోహం తట్టుకునే రాపిడి ప్లాస్టిక్ తట్టుకోదు.

ఏ నంబర్ పేపర్లు కొనాలె? ఇక్కడే దొరుకుతాయా?

దొరుకుతాయి. గోడలకు, చెక్కకు వాడే పసుపు, గోధుమ రంగు పేపర్లు వద్దు. అవి నీళ్లు తగిలితే విడిపోతాయి. కార్ల రంగులు కలిపి అమ్మే షాపుకు వెళ్లి నల్లటి వాటర్ పేపర్ అడగండి. దాని మీద ఉండేది సిలికాన్ కార్బైడ్ పొడి. 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్లలో ఒక్కో షీటు చాలు. షీటు 9 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు ఉంటుంది. మనం వాడేది అగ్గిపెట్టెంత ముక్క కాబట్టి ఏడాది వస్తుంది.

నంబర్ పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. 400లో గింజ సుమారు 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 1000లో 18, 2000లో 10. చిన్నవిగానే అనిపిస్తాయి కదా! కానీ 1:24 కారుకు 35 మైక్రాన్లంటే అసలు కారుకు 0.84 మిల్లీమీటరు. అంటే 400 పేపర్ పెట్టడం నిజం కారును బియ్యపు నూకతో రుద్దినట్టు. 180, 220 లాంటివి కొననే కొనొద్దు. ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు తొందరలో చెయ్యి వాటి మీదికే పోతుంది.

షీటును ముక్కలు చేసేటప్పుడు ప్రతి ముక్క వెనక పెన్నుతో నంబర్ రాసుకోండి. అచ్చు వేసిన నంబర్ ఒకటి రెండు ముక్కల మీదే మిగులుతుంది. నీళ్లలో నానాక 600 ఏదో 1000 ఏదో వేలికి తెలియదు.

విప్పకుండా అద్దాలకు టేపు వేసి రుద్దితే సరిపోదా?

సరిపోదు. రుద్దిన బురద టేపు అంచు కిందికి పోతుంది. అందులో ఒక్క గింజ చాలు, ప్లాస్టిక్ అద్దం మసకబారడానికి. డైకాస్ట్ కార్లకు అడుగున రివెట్లు (ముక్కలను కలిపి పట్టే లోహపు మేకులు) ఉంటాయి. రివెట్ తల కంటే కొంచెమే సన్నగా ఉన్న డ్రిల్ బిట్‌తో ఆ తల ఊడేంతవరకే తొలవండి, లోపలికి దిగొద్దు. తర్వాత అదే రంధ్రంలో చిన్న స్క్రూ బిగించుకోవచ్చు. విప్పుతున్నప్పుడు ప్రతి అడుగుకూ ఫోటో తీయండి, ముక్కలన్నీ ఒక పెరుగు డబ్బాలో వేయండి. లేకపోతే మిర్రర్ మంచం కింద, సీటు చీపురు పాలు.

చిన్న పిల్లలున్న ఇల్లు. ఈ దుమ్ముతో ఏమైనా అవుతుందా?

జాగ్రత్త పడాల్సిందే. పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. రెసిన్ (ద్రవంగా ఉండి గట్టిపడే ప్లాస్టిక్) పార్టుల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి రుద్దితే దుమ్ము గాల్లోకి లేవదు. పొడిగా రుద్దక తప్పనిచోట ఎన్95 మాస్క్ పెట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ బురద నీళ్లు వంటింటి సింకులో పోయొద్దు. పాత పేపర్ మీద ఆరబెట్టి చెత్తలో వేయడం మేలు. చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు పట్టుకోవద్దు. ఇది పిల్లలకంటే ముందు మనకే వర్తిస్తుంది.

## పాత రంగు తీయడం

రంగు మొత్తం తీసేయాలా, గరుకు చేస్తే చాలా?

కారు సైజును బట్టి నిర్ణయించుకోండి. 1:64 అయితే మొత్తం తీసేస్తాను, ఎందుకంటే అంత చిన్న ఒంటి మీద ఇంకో పొరకు చోటు లేదు. 1:18 అయితే, పాత రంగు ఎక్కడా రాలకుండా ఉంటే, 1000 పేపర్ తడిపి మెరుపు చచ్చేదాకా రుద్ది ఊరుకుంటాను. మధ్యలో ఉన్న 1:24, 1:43లకు పాత రంగు పరిస్థితే ప్రమాణం. రంగు పెచ్చులూడిన చోట మెట్టులాగా అంచు ఉంటుంది. కొత్త రంగు ఆ మెట్టును దాచదు, ఇంకా చూపిస్తుంది. అలాంటి మెట్లు నాలుగైదు దాటితే ఒక్కోదాన్ని సమం చేస్తూ కూర్చోవడం కంటే మొత్తం తీసేయడమే సుఖం.

పెయింట్ రిమూవర్ ప్లాస్టిక్ మీద వేయొచ్చా?

వద్దు. థిన్నర్, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ కూడా వద్దు. ముక్కలు అతికించి చేసుకునే కిట్ కార్ల బాడీలు ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. థిన్నర్ తగిలితే అది కరుగుతుంది. కొత్తలో నేను ఒక బానెట్‌ను థిన్నర్లో "రెండు నిమిషాలే కదా" అని వేసి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి గిన్నెలో తీగపాకం మిగిలింది. ప్లాస్టిక్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నయం. అక్రిలిక్ రంగైతే కొన్ని గంటలు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే వస్తుంది. ముందు కనిపించని చోట, లోపలి వైపు ఒక చుక్క వేసి చూడండి. ఆల్కహాల్‌కు మంట తొందరగా అంటుకుంటుంది, పొయ్యికి, దీపానికి దూరంగా పెట్టుకోండి.

రిమూవర్ లోహపు బాడీకే. అదీ ప్లాస్టిక్ ముక్కలన్నీ విప్పాక, దాబా మీదో వాకిట్లోనో, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని వాడాలి. రంగు ముడతలు పడి లేస్తుంది. దాన్ని చెక్క పుల్లతో తీయండి, చాకుతో కాదు. చాకు గీత పోగొట్టడానికి ఇంకో గంట రుద్దాల్సి వస్తుంది.

కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే రాత్రికి రాత్రే పోతుందట కదా?

రంగు పోతుంది, దాంతోపాటు కారు పైపొర కూడా. జింకు, అల్యూమినియం రెండూ కాస్టిక్ సోడాతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును వదులుతాయి. మూత పెట్టిన డబ్బాలో అది ప్రమాదం. పొద్దున చూస్తే లోహం నల్లబడి, గుంటలు పడి ఉంటుంది. ఇనుప గేట్లకు చేసే పద్ధతిని డైకాస్ట్‌కు వాడటంతో వచ్చే తంటా ఇది.

బంపర్ మీద వెండి రంగు క్రోమ్ ఉంది. దాన్ని కూడా పేపర్‌తో తీయాలా?

అవసరం లేదు. ప్లాస్టిక్ మీది ఆ మెరుపు చాలాసార్లు అతి పలుచని అల్యూమినియం పొర. బట్టలకు వాడే బ్లీచ్‌లో ముంచి ఉంచితే నిమిషాల నుంచి కొన్ని గంటల్లో పోతుంది. కింద వార్నిష్ లాంటి పొర మిగిలితే 1000తో మెల్లగా గరుకు చేయండి. బ్లీచ్‌ను టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కానీ, వెనిగర్‌తో కానీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

రంగు తీశాక లోహం మీద సన్న పగుళ్లు కనిపిస్తున్నాయి. రుద్దితే పోతాయా?

పోవు. పోత పోసినప్పుడు జింకులో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం ఏళ్ల తర్వాత లోపలి నుంచే పగులుతుంది, ఉబ్బుతుంది. దానికి మందు లేదు. రుద్దితే కింద ఇంకో పగులు బయటపడుతుంది. తేమ ఉంటే ఇంకా తొందరగా ముదురుతుంది. ఒక కారు నుంచి పక్క కారుకు అంటుకోదు, ఆ భయం మాత్రం వద్దు.

## పేపర్ పట్టడం

నీళ్లతో రుద్దాలా, పొడిగానా?

నీళ్లతో. గిన్నెడు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, పేపర్‌ను పావుగంట నానబెట్టి మొదలుపెట్టండి. నీళ్లు రాలిన పొడిని తీసుకుపోతాయి, పేపర్ పూడుకుపోదు, గీతలు సన్నగా పడతాయి. రెండు మూడు నిమిషాలకోసారి కారును, పేపర్‌ను ముంచి కడగండి. హార్డెనర్ (గట్టిపడేలా చేసే మందు) కలిపి పెట్టే కార్ల పుట్టీని, అంటే గుంటలు నింపే ముద్దను, మాత్రం పొడిగా రుద్దండి, అది నీళ్లు పీల్చుకుంటుంది. ఇనుప ఇరుసులు ఇంకా కారుకే ఉంటే తడి తగలనివ్వొద్దు.

కడిగి ఆరబెట్టాక తెల్ల తెల్ల మచ్చలు వస్తున్నాయి. ఏం తప్పు చేశాను?

మీ తప్పు కాదు, బోరు నీళ్లది. మన వైపు చాలా బోర్ల నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బక్కెట్ అంచున పేరుకునే తెల్ల పొరే మీ కారు మీదా పేరుకుంది. దాని మీద ప్రైమర్ వేస్తే సన్న పొక్కుల్లాగా లేస్తుంది. రుద్దడం బోరు నీళ్లతో కానివ్వండి, చివరి కడుగు మాత్రం వాటర్ క్యాన్ నీళ్లతో చేయండి. నీడలో ఆరనివ్వండి, సందుల్లో మిగిలిన చుక్కలను ఊది వెళ్లగొట్టండి.

చేత్తో రుద్దితే పైన అలలు అలలుగా వస్తోంది.

వేలు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. నొక్కిన చోట గాడి పడుతుంది. పేపర్ వెనక ఏదైనా గట్టిది పెట్టాలి. బానెట్, టాప్ లాంటి చదునైన చోట్లకు పెన్సిల్ చెరిపే రబ్బరు, సన్న చోట్లకు ఐస్‌క్రీమ్ పుల్ల. వంపులకు నా దగ్గర ఉన్న అత్యుత్తమ పనిముట్టు తెగిపోయిన హవాయి చెప్పు. దాని ముక్క కోసి పేపర్ చుట్టితే వంపుకు తగ్గట్టు వంగుతుంది, కానీ వేలంత లోతుకు దిగదు. ఫ్యాన్సీ స్టోర్లలో గోళ్లు నున్నగా చేసుకోవడానికి అమ్మే నెయిల్ బఫర్ కూడా భలే పనికొస్తుంది. దాని నాలుగు వైపులూ నాలుగు రకాల గరుకు. కొనేటప్పుడు షాపువాళ్లు ఒకలా చూస్తారు, చూడనివ్వండి.

బానెట్ మధ్యలో ఉండే ఉబ్బుగీత అరిగిపోయింది. మళ్లీ తేవచ్చా?

తేవడం కష్టం, పోగొట్టుకోకపోవడం తేలిక. నాకు ఈ పాఠం ఒక అంబాసిడర్ నేర్పింది. ఆ కారు ముఖమంతా ఆ బానెట్ ఉబ్బులోనే ఉంది. తెగ నున్నగా చేయాలని అటూ ఇటూ రుద్దీ రుద్దీ, రంగు వేశాక చూస్తే అంబాసిడర్ కాదు, తడిసిన బన్ను.

పేపర్ ఎప్పుడూ ఎత్తుగా ఉన్నదాన్నే ముందు తింటుంది. చదునుగా ఉన్న చోట మీ బలం అంతా పరుచుకుంటుంది, అంచు మీద అదంతా ఒక్క గీతలోనే పడుతుంది. అందుకే రుద్దే ముందు ప్రతి అంచు మీద, ఉబ్బుగీత మీద సన్నగా కోసిన మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి. చుట్టూ పని పూర్తయ్యాక టేపు తీసి 1000తో రెండు మూడు సార్లు తేలిగ్గా తగిలించండి చాలు. అరిగిపోయినదాన్ని తేవాలంటే గీతకు ఒక పక్క టేపు వేసి, టేపు అంచు దాకా పుట్టీ పూసి, ఆరాక రెండో పక్క అలాగే చేయాలి. 1:24లో కుదురుతుంది. 1:64లో నేను ప్రయత్నించను.

400 తర్వాత నేరుగా 2000 పట్టొచ్చా? మధ్యలోవి ఎందుకు?

2000 పేపర్ 400 గీతలను తీయలేదు, వాటి పైభాగాన్ని మెరిపిస్తుంది అంతే. చేతికి నున్నగా తగులుతుంది, రంగు పడగానే గీతలన్నీ లేచి కూర్చుంటాయి. కరీంనగర్ గ్రానైట్ పాలిష్ చేసేచోట ఎప్పుడైనా చూశారా? రాయిని నీళ్లతో తడుపుతూ ఒక్కో మెట్టు సన్నబరుస్తూ పోతారు. ఒక్క మెట్టు తప్పినా అద్దంలా మెరిసే రాయిలో ఆ మరక కనిపిస్తుంది. ప్రతి పేపర్‌కూ ఒక్కటే పని, ముందు పేపర్ చేసిన గీతలను తీసేయడం. కాబట్టి నంబర్ ఎప్పుడూ రెట్టింపు దాటకుండా పెంచండి.

నంబర్ మార్చినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. 400 అడ్డంగా పట్టారా, 600 నిలువుగా పట్టండి. అడ్డగీత ఒక్కటి కూడా కనిపించకపోతే ఆ నంబర్ పని అయిపోయినట్టు. గుండ్రంగా తిప్పి రుద్దితే ఏ గీత ఏ పేపర్‌దో దేవుడికి కూడా తెలియదు.

ప్రైమర్‌కు ముందు 2000 దాకా వెళ్తే ఇంకా మంచిది కదా?

కాదు. ప్రైమర్ పట్టుకోవడానికి కొంచెం గరుకు కావాలి. లోహానికి 400 నుంచి 600, ప్లాస్టిక్‌కు 600 నుంచి 800 దగ్గర ఆగిపోండి. అద్దంలా చేసి ప్రైమర్ కొడితే మాస్కింగ్ టేపు లాగినప్పుడు అది టేపుతోపాటే వచ్చేస్తుంది.

డోర్ గీతలు పూడుకుపోయాయి. రంగు వేశాక పెన్నుతో గీస్తే సరిపోదా?

పెన్ను గీత దూరం నుంచే మోసం చేస్తుంది. అసలు కారు డోర్ సందు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే, 1:24లో అది 0.2 మాత్రమే. రుద్దిన బురద అందులో చేరి సిమెంటులా గట్టిపడుతుంది, పైన ప్రైమర్ పడితే ఇక అంతే. ప్రతి కడుగులో టూత్ బ్రష్‌తో సందులు తోమండి. ప్రైమర్‌కు ముందు, బ్లేడు వెనక అంచుతోనో గట్టి సూదితోనో, ఉన్న గీతలోనే రెండు మూడు సార్లు తేలిగ్గా లాగండి. ఒకేసారి బలంగా లాగితే సూది దారి తప్పి డోర్ మీద కొత్త గీత పెడుతుంది.

గ్రిల్, బ్యాడ్జీల దగ్గర పేపర్ దూరడం లేదు.

దూర్చొద్దు. అక్కడ రుద్దితే పోయేది అందమే. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచులో చిటికెడు ముక్కను పట్టకారుతో పట్టుకుని తడిపి తిప్పండి. లేదా టూత్ బ్రష్ మీద పళ్లపొడి వేసి తోమండి. మెరుపు చస్తే చాలు.

చేతులు నొస్తున్నాయి. చిన్న గ్రైండర్ మెషిన్ వాడొచ్చా?

రివెట్ తొలవడానికి వాడండి. బాడీ రుద్దడానికి వద్దు. ప్లాస్టిక్ వేడికి కరిగి చక్రానికి చుట్టుకుంటుంది, లోహంలో అర సెకనుకే గుంట పడుతుంది. చేతులు నొస్తే రేపు చేయండి. ఇదేమీ పెళ్లి వంట కాదు.

3డి ప్రింట్ చేయించిన బంపర్ మీద మెట్లు మెట్లుగా గీతలున్నాయి.

అది పీఎల్‌ఏ ప్లాస్టిక్ అయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. గట్టిగా, పొడిగా రుద్దితే ఆ రాపిడి వేడికే పొర సాగి పీచులా లేస్తుంది. తడిపి, మెల్లగా, 400తో మొదలుపెట్టండి. గీతలన్నీ పేపర్‌తోనే పోవాలని పట్టుబట్టొద్దు. సగం తీసి, మిగతా సగం మందంగా వేసే ఫిల్లర్ ప్రైమర్‌కు వదిలేయండి. రెసిన్ ప్రింట్ అయితే పూర్తిగా గట్టిపడిందో లేదో చూసుకుని, గ్లవ్స్‌తో తడి రుద్దుడే. మే నెలలో పీఎల్‌ఏ ముక్కను ఎండలో నిలిపిన కారులో మరిచిపోతే సాయంత్రానికి వంకర తిరిగి ఉంటుంది, రుద్దుడు శ్రమంతా వృథా.

నున్నగా అయ్యిందని ఎలా తెలుస్తుంది?

తడిగా ఉన్నప్పుడు చూసి నమ్మొద్దు. నీళ్లు గీతల్లో నిండి అన్నింటినీ దాస్తాయి, ప్రతి కారూ తడిగా ఉంటే అందంగానే ఉంటుంది. తుడిచి ఆరబెట్టి, గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి నేలబారుగా కొట్టండి. గీత, గుంట నీడ పడి బయటపడతాయి. తర్వాత కళ్లు మూసుకుని వేలి కొసతో మెల్లగా తడమండి. కంటికి అందని మెట్టు వేలికి అందుతుంది. ఆ రెండు పరీక్షలూ దాటితే చెయ్యి తీసేయండి. "ఇంకొక్కసారి" అనుకుని పట్టే పేపర్‌తోనే అంచులు పోతాయి.

## పుట్టీ, ప్రైమర్

చిన్న గుంటలకు ఏ పుట్టీ వాడాలె? గోడ లప్పం పనికొస్తుందా?

గోడ లప్పం పనికిరాదు, పెళుసై రాలిపోతుంది. లోహం మీద సన్న గీతలకు కార్ల షాపుల్లో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ సరిపోతుంది. లోతు ఎక్కువుంటే హార్డెనర్ కలిపే పుట్టీ. పాలీస్టైరీన్ మీద ఎన్‌సీ పుట్టీ మందంగా పూస్తే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను తింటుంది, కాబట్టి పలుచగా పూయండి. సూదిమొనంత గుంటకు సూపర్ గ్లూ చుక్క వేసి పైన వంట సోడా చల్లితే క్షణంలో గట్టిపడుతుంది. దాన్ని ఆ రోజే రుద్దేయాలి. రోజులు గడిస్తే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిదై, పేపర్ దాన్ని వదిలేసి పక్కదాన్ని తింటుంది.

నిర్మల్ బొమ్మల పనివాళ్ల తెలివి ఇక్కడ గుర్తొస్తుంది. పొనికి చెక్క చాలా మెత్తన. అతుకుల దగ్గర వాళ్లు వాడేది చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. చెక్కలో చెక్కే కలిసిపోయినట్టు ఉంటుంది, రుద్దితే రెండూ ఒకేలా అరుగుతాయి. మనకూ అదే సూత్రం. నింపేది చుట్టూ ఉన్నదానికంటే మరీ గట్టిగానూ, మరీ మెత్తగానూ ఉండకూడదు.

పుట్టీ పెట్టిన చోట సమంగానే ఉంది. వారానికి మళ్లీ గుంట పడింది, ఎందుకు?

ఆరకముందే రుద్దారు. ఎన్‌సీ పుట్టీలోని ద్రావకం ఆవిరయ్యేకొద్దీ పుట్టీ కుంగుతుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. ఒకేసారి నింపకుండా రెండు మూడు పలుచటి పూతలు పూయండి, ఒక్కోదానికీ కొన్ని గంటలు, చివరిదానికి ఒక రాత్రి ఇవ్వండి. ముక్కుకు దగ్గర పెట్టి వాసన చూడండి. వాసన వస్తే ఇంకా ఆరలేదు. గడియారం కంటే ముక్కు నమ్మకం.

మామూలు ఆయిల్ ఎనామెల్ ఇంట్లో ఉంది. ప్రైమర్ లేకుండా లోహం మీద వేయొచ్చా?

డైకాస్ట్ మీద వద్దు. జింకు ఆ ఎనామెల్‌లోని నూనెలతో నెమ్మదిగా కలిసి మధ్యలో సబ్బులాంటి పొర తయారవుతుంది. కొన్నాళ్లకు రంగు పొరలుగా ఊడిపోతుంది. జింకు రేకులకు, అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసిన ప్రైమర్, దొరికితే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునేది), తీసుకోండి. రుద్దిన లోహాన్ని వేలితో తాకకుండా అదే రోజు ప్రైమర్ వేయండి. వేలి జిడ్డు మచ్చ రంగు కింద ఏళ్లు దాక్కుంటుంది.

అంత రుద్దినా ప్రైమర్ వేయగానే గీతలు బయటపడ్డాయి. మొదటికి వచ్చినట్టేనా?

కాదు, ప్రైమర్ ఉన్నదే అందుకు. లోహం రంగులో, పాత రంగు మచ్చల్లో దాగినవి ఒకే బూడిద రంగు పడేసరికి కనిపిస్తాయి. కనిపించిన చోట మాత్రమే పుట్టీ తగిలించి, 800తో రుద్ది, అక్కడికే ఇంకో పలుచటి ప్రైమర్ వేయండి.

ఇంకా ఖచ్చితంగా చూడాలంటే డెంటింగ్, పెయింటింగ్ వాళ్ల చిట్కా ఒకటి ఉంది. ఆరిన బూడిద ప్రైమర్ మీద నల్ల స్ప్రేను దూరం నుంచి తుంపరలా చల్లండి. 1000 తడి పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. నలుపు పోయిన చోట ఎత్తు, నలుపు మిగిలిన చోట గుంట. ఎక్కడ ఆపాలో కూడా అదే చెప్తుంది. నలుపు పోయి కింద లోహం మెరిసిందంటే ఎక్కువ రుద్దారు.

ప్రైమర్ మీద ఎంతసేపటికి పేపర్ పట్టొచ్చు?

స్ప్రే డబ్బా ప్రైమర్ పావుగంటలో చేతికి అంటదు, కానీ రుద్దడానికి ఒక రోజు ఆగండి. ఆరిన ప్రైమర్ పేపర్ మీద పొడిలా రాలుతుంది. పచ్చిది గుండ్లు గుండ్లుగా అంటుకుంటుంది. గుండ్లు కనిపిస్తే ఆపేయండి. రంగుకు ముందు 1000 చాలు.

## రంగు వేసేటప్పుడు, ఆ తర్వాత

వానకాలంలో వేస్తే పాలలా తెల్లబడింది, ఎండాకాలంలో వేస్తే ఇసుకలా వచ్చింది. మరి ఎప్పుడు వేయాలి?

వానకాలంలో గాలి నిండా తేమ. స్ప్రేలోని ద్రావకం ఆవిరవుతూ పార్టును చల్లబరుస్తుంది, తేమ దాని మీద చేరి రంగు పాలలా మారుతుంది. మే నెలలో 40 దాటిన ఎండలో రంగు చుక్క దారిలోనే సగం ఆరిపోయి ఇసుకలా అంటుకుంటుంది. ఎండాకాలంలో పొద్దున ఏడింటిలోపు, వానకాలంలో వాన లేని రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వేయండి. నాకైతే దసరా నుంచి సంక్రాంతి దాకా ఉన్న రోజులే ఈ పనికి ముహూర్తం. ఇసుకలా వచ్చినదాన్ని పూర్తిగా ఆరాక 1500 తడి పేపర్‌తో పైపైన సమం చేసి ఇంకో పలుచటి కోటు వేయొచ్చు.

రంగు మీద దుమ్ము, వెంట్రుక పడ్డాయి. తడిగా ఉన్నప్పుడే తీసేయాలా?

ముట్టుకోవద్దు. వేలు పెడితే ఒక దుమ్ము కణం ఒక పెద్ద గాయం అవుతుంది. పూర్తిగా ఆరనిచ్చి ఆ చుక్క మీద మాత్రమే 2000 తడిపి నాలుగైదుసార్లు ఆడించండి. స్ప్రే చేసే ముందు నేల మీద నీళ్లు చల్లి, పార్టు మీద పెద్ద డబ్బా బోర్లిస్తే సగం బాధ తప్పుతుంది.

మెటాలిక్ రంగును కూడా మధ్యలో రుద్దొచ్చా?

వద్దు. అందులో సన్నటి మెరుపు రేకులు ఉంటాయి. రుద్దిన చోట అవి తెగి మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. మెటాలిక్ వేసేవాళ్లు రుద్దాల్సిందంతా ప్రైమర్ దగ్గరే ముగించాలి. దుమ్ము పడితే క్లియర్ వేశాక క్లియర్‌ను రుద్దండి.

క్లియర్ పాలిష్ చేస్తుంటే మూల దగ్గర కింది రంగు బయటపడింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆపేయండి. గుడ్డకు రంగు అంటిందంటే క్లియర్ అక్కడ అయిపోయినట్టు. పాలిష్ జిడ్డు పోయేలా సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ప్రైమర్ దాకా వెళ్లకపోతే ఆ మూల చుట్టూ 2000తో గరుకు చేసి, ఆ ప్యానెల్ మొత్తానికి ఒక పలుచటి క్లియర్ వేస్తే చాలు. ప్రైమర్ కనిపిస్తే ముందు రంగును రెండు మూడు తేలికపాటి తుంపర్లుగా వేసి, తర్వాత క్లియర్ వేయాలి. మూలకు మాత్రమే క్లియర్ వేసి వదిలేస్తే అంచు రింగులా కనిపిస్తుంది.

వారం ఆరాక మళ్లీ పాలిష్‌కు కూర్చున్నప్పుడు మూలలకు, అంచులకు టేపు వేసి, 2000 తడి పేపర్ చదునైన చోటే పట్టండి. టేపు తీశాక అంచుల మీద పేపర్ వద్దు, మెత్తటి బనియన్ గుడ్డతో కాంపౌండ్ (రుద్ది మెరిపించే పాలిష్ ముద్ద) మాత్రమే.